గుర్రం ఇంట్లో అడుగుపెట్టిన బంటు

"దశరథం సార్, ముందు ఒక్క సంగతి చెప్పున్రి. ఈ పిల్లను అడిగిన్రా, బెదిరించిన్రా?"

ఫంక్షన్ హాలు వెనక, పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసే గదిలో అడుగు పెడుతూనే సరిత వేసిన ప్రశ్న అది. గోడ నిండా అద్దం, అద్దం చుట్టూ బల్బులు. ఆ వెలుగులో పదహారేళ్ల ఇఖ్రా కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఏడ్చిన జాడ లేదు. ఏడిపించాలని చూసిన జాడ మాత్రం దశరథం మీసాల మీద ఇంకా ఉంది.

"వచ్చినవా సరితమ్మా!" అన్నాడాయన. "జర ఆలస్యమైంది. కేసు అయిపోయింది. భోజనం చేసి పో. బగారన్నం బాగుంది."

దశరథం సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాడు. సరిత ఏ ఉద్యోగం నుంచీ రిటైరు కాలేదు. పదిహేనేళ్లు సంసారం నడిపి, అబద్ధాన్ని వాసనతో పట్టడం అక్కడే నేర్చుకుని, బుద్వేల్‌లో పిండిగిర్ని మీది గదికి డిటెక్టివ్ అని బోర్డు కట్టింది. ఇద్దరి దారులూ ఇదివరకు రెండుసార్లు కలిశాయి. రెండుసార్లూ ఆయన ముందు వచ్చాడు, ఆవిడ ముందు తేల్చింది. ఆ వరుస ఆయనకు నచ్చలేదు.

సాతంరాయి దగ్గరి ఈ హాలులో మూడు రోజులుగా చెస్ టోర్నమెంటు నడుస్తోంది. దశరథాన్ని పెట్టుకున్నది నిర్వాహకులు. సరితను పిలిచింది ఇఖ్రా తల్లి అజ్రా. ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో డ్యూటీ మధ్యలో ఫోనందుకుని, మెడలో ఐడీ కార్డు తీయడం కూడా మరిచి, ఆటోలో వచ్చి కూతురి వెనక నిలబడింది.

"అయిపోయిన కేసు నాకు కూడ చెప్పున్రి. నేర్చుకుంట," అంది సరిత.

దశరథం సంతోషంగానే చెప్పాడు. పొద్దున ఆరో రౌండు. ఒకవైపు టోర్నమెంటులోకెల్లా పెద్ద ఆటగాడు జగదీశ్, రేటింగ్ రెండువేల రెండువందల తొంభై. ఆటగాడి బలాన్ని కొలిచే అంకె అది. ఎదురుగా ఇఖ్రా, పద్నాలుగువందల పన్నెండు. అంత తేడా ఉన్నచోట పెద్దవాడు గెలవడం వార్త కాదు, ఎంతసేపట్లో గెలిచాడన్నదే వార్త. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకు చెయ్యి చాచి ఓటమి ఒప్పుకున్నది జగదీశ్.

"మొదటిది, ఆఖరి ఎత్తుకు ముందు ఈమె బాత్‌రూముకు పోయింది. రెండోది, అదే బాత్‌రూము ఫ్లష్ ట్యాంకుల ఈ ఫోన్ దొరికింది. అందుల చెస్ ఆడే సాఫ్ట్‌వేర్ ఉంది, పొద్దుటి ఆట ఉంది. మూడోది, కంప్యూటర్ ఏ ఎత్తు చెప్పిందో ఈమె అదే వేసింది."

టేబుల్ మీద ఫోను ఉంది. దాని చుట్టూ చుట్టిన ప్లాస్టిక్ పొరను చించి పక్కన పడేశారు. ఒకటి కాదు, అరంగుళం మందాన పొర మీద పొర.

"ఏమిటా ఎత్తు?"

ఇఖ్రా బంటు బోర్డు చివరి గడి చేరింది. అక్కడికి చేరిన బంటును ఇష్టమొచ్చిన పావుగా మార్చుకోవచ్చు. అన్నింటికన్నా బలమైనది మంత్రి కనుక ఎవరైనా మంత్రినే కోరుకుంటారు. ఇఖ్రా గుర్రాన్ని కోరుకుంది. ఆ గుర్రం పుడుతూనే జగదీశ్ రాజుకు చెక్ చెప్పింది. అదే గెంతుకు ఆయన మంత్రి కూడా దొరికిపోయింది. ఆమె మంత్రిని కోరుకుని ఉంటే, తర్వాతి ఎత్తులో జగదీశే ఆమె రాజును కట్టేసేవాడు.

"పెద్ద పెద్దోళ్లకే తట్టని ఎత్తు," అన్నాడు దశరథం. "ఎందుకేసినవని ఇరవైసార్లు అడిగిన. ఒక్కటే జవాబు."

"ఏందమ్మా నీ జవాబు?" అని సరిత ఇఖ్రా వైపు తిరిగింది.

"నా ఇష్టం," అంది ఇఖ్రా.

మూడు గంటలకు ఏడో రౌండు. ఆలోగా తేలకపోతే ఇఖ్రా గెలుపు రద్దు, టోర్నమెంటు నుంచి బయటికి, ఆపైన ఎక్కడా ఆడకుండా నిషేధానికి సిఫార్సు. ఆట తప్పొప్పులు చూసే చీఫ్ ఆర్బిటర్ పెట్టిన గడువది. గోడ గడియారం ఒకటీ యాభై చూపిస్తోంది.

"బాత్‌రూము చూసొస్త," అంది సరిత.

"నేను చూపిచ్చిన..." అని దశరథం ఆగాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన గడప దాటని చోటు బహుశా అదొక్కటే.

ఫోను దొరికింది లోపలి గదిలో. సరిత ఫ్లష్ మీట నొక్కింది. టక్కుమంది, అంతే. పింగాణీ మూత ఎత్తి చూసింది. ట్యాంకు అడుగున ఎండిన తుప్పు, ఆ తుప్పులో ఫోనంత పొడవున చెరిగిన జాడ. చుక్క నీరు లేదు. కింద నల్లా బిగించి, దానికో గుడ్డపీలిక చుట్టి ఉంది. కారుతుంటే ఎవరో ఎప్పుడో కట్టేసి, బాగుచేయిస్తామనుకుని మరిచిపోయారు. పక్కన నిండుగా బకెట్టు, అందులో మగ్గు.

మన ఆడవాళ్లు ఫ్లష్ పనిచేయకపోతే ఎవరికీ చెప్పరు. రెండు మగ్గులు ఎక్కువ పోసి, కొంగు సర్దుకుని వచ్చేస్తారు. పెళ్లికొచ్చి ట్యాంకుల మాటెత్తితే ఏం మర్యాద! ఎన్ని పెళ్లిళ్లయినా ఈ ట్యాంకు ఇలాగే ఉంటుందన్నమాట.

గోడకవతల మగవాళ్ల వైపు ఫ్లష్ భోరుమని మోగింది. అక్కడ నీళ్లకు లోటు లేదు.

వరండాలో తుడుస్తున్న రుక్కమ్మను సరిత పలకరించింది. ఫోను తీసింది ఆమే.

"ట్యాంకుల నీళ్లు లేవని ఎవరికన్న చెప్పినవా అక్కా?"

"ఎవలడిగిన్రమ్మా? పోయి ట్యాంకుల చూడుమన్నరు, చూసిన. తెచ్చి ఆ మీసాల సారు చేతుల పెట్టిన. నా తోని మాట్లాడితే ఆయన మీసం అరిగిపోతదా ఏంది?"

"ఇయ్యాల మగోళ్లెవరన్న ఇటు వచ్చిన్రా?"

"అన్నాలప్పుడు నేను కూడ తినపోయిన. అప్పుడు ఇటు పిట్ట కూడ లేదు."

ట్యాంకు ఎండి ఉన్న సంగతి సరిత ఎవరికీ చెప్పదలచుకోలేదు. వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో ఇంటిల్లిపాదికీ తెలిస్తే ఏదీ నిలవదు.

జగదీశ్ హాలు మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఆయన తల మీదుగా గేటుకు కట్టిన బ్యానరు మీద ఆయనే చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. వచ్చే నెల శంషాబాద్‌లో చెస్ అకాడమీ ప్రారంభం, ముఖ్య శిక్షకుడు జగదీశ్, నిర్వహణ జగన్. ఆ జగనే ఈ టోర్నమెంటుకు కార్యదర్శి.

"మీరు ఫిర్యాదు ఇచ్చిన్రా?" అని అడిగింది సరిత.

"లేదండి. ఓడిపోయానని సంతకం పెట్టాను. కాకినాడలో మా గురువుగారు నాకు మొదట నేర్పింది అదేనండి, ఓడిపోతే చెయ్యి చాచడం." తల ఎత్తి బ్యానరు చూసి, "కానీ నిజం చెప్పాలి కదా. ఆ ఎత్తు ఆ పిల్ల చూసిందంటే నమ్మబుద్ధి కావడం లేదండి," అన్నాడు.

"ఎందుకు?"

"నేనే చూడలేదు."

"అంటే మిమ్మల్ని ఫోన్ ఓడించిందంటే కొంచెం హాయిగా ఉంటది."

జగదీశ్ ముఖం ఎర్రబడింది. లేచి నిలబడ్డాడు. "ఉండదండి. ఆ పాయింటు నాకు ముష్టి వేస్తామంటే తీసుకోను. ఆ పిల్ల నిజంగా చూసిందని నాకు చూపించండి. అందరి ముందూ ఇంకోసారి ఓడిపోతాను."

ఇటువంటి మగవాళ్లు కూడా ఉంటారని సరిత మనసులో రాసుకుని, ముస్తాబు గదికి తిరిగొచ్చింది. అజ్రా ఆ ప్లాస్టిక్ పొరను వేళ్ల మధ్య సాగదీసి చూస్తోంది.

"సరితక్కా, ఇది ఇంట్ల దొరికే కవర్ కాదు. మా ఎయిర్‌పోర్టుల సూట్‌కేసులకు చుట్టేది. దినాం చూస్త."

"ఎయిర్‌పోర్టుల పని చేసేది నువ్వే కదమ్మా," అని దశరథం వెంటనే అందుకున్నాడు. "మంచి పాయింటు చెప్పినవు. నీ బిడ్డ మీదికే."

అజ్రా ఆ పొరను టేబుల్ మీద వదిలేసింది. సరిత మాత్రం కళ్లు మూసుకుని ఇందాక దాటొచ్చిన ఆర్బిటర్ల టేబుల్‌ను గుర్తు చేసుకుంది. చెస్ గడియారాలు విమానంలో వచ్చిన అట్టపెట్టె టేబుల్ కింద ఉంది. దాని చుట్టూ ఇదే పొర, సగం చించి వేలాడుతోంది. ఆ టేబుల్ వెనక్కు ఆటగాళ్లను రానివ్వరు.

ఆమె కుర్చీ లాక్కుని ఇఖ్రా ఎదురుగా కూర్చుంది.

"బిడ్డా, నీ ఇష్టమని నువ్వంటే నేను ఒప్పుకుంట. చీఫ్ ఆర్బిటర్ ఒప్పుకోడు. ఆ గుర్రం నీకెట్ల తట్టింది?"

ఇఖ్రా దశరథం వైపు ఒకసారి చూసి పెదవులు బిగించింది.

"ఆయన నవ్వుతడనా?"

"నన్ను నవ్వితే నవ్వనీయున్రి," అంది ఇఖ్రా. "మా నానాను నవ్వితే ఊకోను."

అజ్రా కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "చెప్పు బేటా. దాస్తే నానా ఇజ్జత్ పెరుగుతదా?"

అప్పుడు చెప్పింది. నానా అంటే అమ్మ తండ్రి, రషీద్. ఆయనకు శంషాబాద్ పాత ఊళ్లో సైకిల్ షాపు. పంక్చర్లు తగ్గిన కొద్దీ ఆటలు పెరిగాయి. ఇఖ్రాకు ఆరో ఏట నుంచి ఆయనే గురువు. కానీ ఆయనది దేశీ ఆట, తాతల నాటి పద్ధతి. అందులో బంటు చివరి గడి చేరితే మన ఇష్టం చెల్లదు. ఎవరి ఇంట్లో అడుగు పెడితే ఆ పావే అవుతుంది. ఏనుగు ఇంట్లో ఏనుగు, గుర్రం ఇంట్లో గుర్రం.

"గా గడి గుర్రం ఇల్లు," అంది ఇఖ్రా. "పదేండ్ల సంది నేను గా ఇంట్లకు పోతే గుర్రమే అయిన. అందరు చెయ్యి మంత్రి మీద పెట్టి ఆలోచిస్తరు. నా కన్ను ముందు గుర్రాన్ని చూస్తది."

దశరథం నిజంగానే నవ్వాడు. "అంటే అలవాటు మీద పెడితే కలిసొచ్చిందంటవు!"

ఇఖ్రా లేచి నిలబడింది. "కాదు సార్. పోయినేడు జిల్లా పోటీల అలవాటు మీద పెట్టిన. మంత్రిని చేసుకుంటే గెలిచేదాన్ని, గుర్రం పెట్టి ఓడిపోయిన. హాలంత నవ్విన్రు. ఇయ్యాల చూసి పెట్టిన. రెంటికి ఫరక్ ఉంది."

"ఆ నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను."

గుమ్మంలో జగదీశ్. ఆయన పక్కన చీఫ్ ఆర్బిటర్, వెనక టీ గ్లాసుల ట్రే పట్టుకుని జగన్.

"నాకు గుర్తుందండి," అన్నాడు జగదీశ్. "గెలిచే ఆటలో ఎవరో పిల్ల గుర్రం పెట్టింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఏ కంప్యూటరూ ఆ తప్పు చెయ్యదు. ఆ తప్పు చేసిన మనిషికే ఇవాళ్టి ఎత్తు తడుతుంది."

చీఫ్ ఆర్బిటర్ ముక్కుసూటి మనిషి. "కథ బాగుంది. ఆ పెద్దాయన వచ్చి నా ముందు ఆడి చూపిస్తే నమ్ముతాను. కానీ ఫోను సంగతి అప్పటికీ మిగిలే ఉంటుంది," అన్నాడు.

అజ్రా తండ్రికి ఫోను చేసింది. షాపు మూసి బయల్దేరుతున్నానని రషీద్ అన్నాడట. జగన్ అందరికీ టీలు ఇచ్చి, ఖాళీ ట్రేతో మర్యాదగా బయటికి వెళ్లాడు.

రెండూ నలభై అయింది. రషీద్ రాలేదు. పావుగంట దారికి అరగంట దాటింది. అజ్రా మళ్లీ ఫోను చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చింది. చీఫ్ ఆర్బిటర్ గడియారం చూసుకున్నాడు. జగన్ తిరిగొచ్చి, ఏడో రౌండుకు ఇఖ్రా పేరు ఉంచాలా తీసెయ్యాలా అని వినయంగా అడిగాడు.

"ఉంచున్రి," అంది సరిత. "ఫోను సంగతి నేను చెప్త. దశరథం సార్, ఈ ఫోను నీళ్లల్ల ఎంతసేపుంది?"

"పొద్దుటి సంది."

"అంటే నాలుగు గంటలు నానింది. నీళ్లల్ల నానిన ఫోను తెర మీద ఏం కనపడ్డా సాక్ష్యం కాదు. నీళ్లు పోతే తెర దానంతటదే ఏదో ఒకటి చూపిస్తది. మా ఇంట్ల రోలు పక్కన నీళ్లల్ల పడ్డ ఫోను మూడు రోజులు మా అత్తకు తనే ఫోన్ చేసింది." ఆమె చీఫ్ ఆర్బిటర్ వైపు తిరిగింది. "ఈ ఫోను లెక్కల నుంచి తీసెయ్యున్రి సార్. తడిసిన సామాను చెల్లదు."

దశరథం మీసం దువ్వుకున్నాడు. "కవర్ చుట్టి ఉందమ్మా. చుట్టింది అందుకే కదా?"

"అరంగుళం మందాన చుట్టిన కవర్ విప్పి, ఎత్తు చూసి, మళ్ల చుట్టి పెట్టి, ఆటకు వచ్చి కూసుందా? గంత టైం ఈమెకేడిది? విప్పకుంటె తెర కనపడదు. విప్పి ఉంటే నీళ్లు పోయినయి. ఎటు చూసినా ఫోను చెల్లదు."

చీఫ్ ఆర్బిటర్ ఆలోచనలో పడ్డాడు. "అదీ నిజమే. తడిసి ఉంటే..."

"తడిసే మాటెక్కడిది సార్?" అన్నాడు జగన్ ఆత్రంగా. "ట్యాంకు ఎండిపోయే ఉంది కదా, చుక్క నీళ్లు లేవు. ఫోను మంచిగనే ఉంది. సాక్ష్యం సాక్ష్యమే."

సరిత ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది. కానీ ఆ ప్రశ్న ఆమె నోట్లోంచి రాలేదు.

"ఎప్పుడు చూసినవు జగన్?" అని దశరథమే అడిగాడు. గొంతు మెత్తగా ఉంది. ఠాణాలో లాఠీ పక్కన పెట్టాక వాడే గొంతది.

"ఏంది సార్?"

"ట్యాంకు ఎండిందని. రుక్కమ్మ ఫోను నా చేతికిచ్చింది. నాకే చెప్పలే. నేను నీళ్లున్నయనుకున్న. ఈ ఆర్బిటర్ సారు కూడ అనుకున్నడు. హాలుల మగోడెవడైనా అనుకుంటడు, మన దిక్కు నిండుగున్నయి కాబట్టి. ఆడోళ్ల బాత్‌రూముల ట్యాంకు మూత నువ్వెప్పుడు ఎత్తినవు?"

జగన్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఎండిపోయింది. "ఎవరో... ఎవరో ఆడోళ్లు చెప్పిన్రు."

"ఏ ఆడోళ్లు కూడ చెప్పరు," అంది సరిత. "మేము మగ్గుతోని పోసి వస్తం. నీళ్లుంటయనుకుని కవర్ చుట్టినవు, ఆ గడియారాల పెట్టె మీది కవర్. అన్నాలప్పుడు పోయి మూత ఎత్తితే ఎండి ఉంది. విప్పే టైం లేక అట్లనే పెట్టినవు. తెచ్చుడు రుక్కమ్మతోని తెప్పిచ్చినవు. దశరథం సార్, ట్యాంకుల చూడుమని మీకు చెప్పిన సోర్సు ఎవరు?"

దశరథం తల తిప్పాడు. జగన్ వైపే చూస్తున్నాడు. అదే జవాబు.

"ఎందుకు జగన్?" అన్నాడు జగదీశ్.

"ఎందుకా?" జగన్ గొంతు పగిలింది. "ఇంత పెద్ద బ్యానరు కట్టి, మా సార్ చాంపియన్లను తయారు చేస్తడంటే, సైకిల్ షాపుల పంక్చర్లేసే ముసలాయన నేర్పిన పిల్ల చేతుల ఓడిపోయినవు. ఇగ మన దగ్గరికి ఎవడొస్తడన్నా?"

"నేను నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్తాను. అకాడమీ నువ్వు చూసుకో," అన్నాడు జగదీశ్.

దశరథం చెయ్యి చాచి జగన్ జేబులోని ఫోను తీసి టేబుల్ మీద పెట్టి, తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. చీఫ్ ఆర్బిటర్ ఇఖ్రాకు నమస్కారం పెట్టాడు. "గెలుపు నీదే అమ్మా. వెళ్లి ఆడుకో. బెల్లు మోగుతుంది."

ఇఖ్రా కదల్లేదు. టేబుల్ చివర దశరథం సోదా చేసి బోర్లించిన ఆమె బ్యాగు ఉంది. పెన్నులు, టిఫిన్ డబ్బా, దువ్వెన, చున్నీ, అన్నీ చిందరవందరగా.

"ఎట్ల విప్పిన్రో అట్ల సర్ది ఇయ్యున్రి సార్," అంది.

ముప్పై ఏళ్ల సర్వీసు, మూడు పతకాలు ఉన్న దశరథం వంగి, ఒక్కో పెన్నూ ఏరి, చున్నీ మడత పెట్టాడు. మడత సరిగ్గా రాలేదు. విప్పి మళ్లీ పెట్టాడు. జిప్పు మూసి రెండు చేతులా అందించాడు.

"టిఫిన్ డబ్బా కింద పెడతరు సార్, మీద కాదు," అంది ఇఖ్రా. అయినా తీసుకుంది. తల్లి నుదుటిని ఒకసారి తాకి, తల పైకెత్తుకుని హాల్లోకి నడిచింది. ఆమె వెళ్లే దారిలో కుర్చీలు జరిగిన చప్పుడు విని, ఆటగాళ్లు లేచి నిలబడుతున్నారని సరితకు అర్థమైంది. కొంగు సర్దుకుంటున్నట్టు కళ్లు తుడుచుకుంది.

"బాగ చేసినవు సరితమ్మా," అన్నాడు దశరథం గోడకేసి చూస్తూ.

"ప్రశ్న మీరే అడిగిన్రు సార్."

"అడిగిన కదా!" అని ఆయన మీసం మళ్లీ లేచింది.

బయట బెల్లు మోగింది. హాల్లో నిశ్శబ్దం పరుచుకుంది. అజ్రా మాత్రం కిటికీ దగ్గరే నిలబడి గేటు వైపు చూస్తోంది. "మా అబ్బాజాన్ ఇంకా రాలే, సరితక్కా. ఫోన్ కలుస్తలేదు."

సరిత జగన్ ముఖంలోకి చూసింది. ఓడిపోయినవాడి ముఖం అలా ఉండదు. చెమట పట్టి, కళ్లు టేబుల్ మీది తన ఫోను దగ్గరే తిరుగుతున్నాయి. ఆ ఫోను ఎక్కడ మోగుతుందోనని చూస్తున్నట్టు.

మోగింది.

దశరథం స్పీకర్ నొక్కాడు. జగన్ నోరు తెరవకుండా రెండో చేత్తో మెడ పట్టుకున్నాడు.

"అన్నా," అంది అటునుంచి ఒక మగగొంతు. వెనక లారీల హోరు. "ముసలాయన జర పరేషాన్ చేస్తున్నడు. చార్జింగ్ పెడతనని ఫోన్ తీసుకుని బంద్ చేసిన. మనవరాలికి సన్మానం, నీకు కూడ శాలువా కప్పుతరు అంటే మంచిగనే కారెక్కిండు. ఇప్పుడేమో సాతంరాయి గిటు కాదు కదా అంటున్నడు. కొత్తూరు దాటినం. ఇగ ఏం చెయ్యమంటవు?"

అజ్రా చెయ్యి కిటికీ ఊచ మీద బిగుసుకుంది.

"అక్కడే ఆపు," అన్నాడు దశరథం, జగన్ గొంతు పెట్టి.

అవతల మాట ఆగింది. కారు మాత్రం ఆగలేదు, ఇంజను చప్పుడు పెరిగింది.

"నువ్వు జగనన్నవు కాదు," అంది ఆ గొంతు.

దాని వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. ముసలిది, ఉత్సాహంగా, ముందు సీటు మీదికి వంగి మాట్లాడుతున్నట్టు.

"ఫోన్ల ఎవరు బేటా? మా ఇఖ్రానేనా? ఒకపారి ఇయ్యి. బేటా ఇఖ్రా, గుర్రం ఇంట్ల గుర్రమే పెట్టినవంట కదా, శాబాష్! నేను కొత్త షేర్వాని తొడుక్కున్న, నా కోసం జర ఆగుమని చెప్పు వాళ్లకు..."

ఫోను కట్ అయింది.